కొరియా సంధిపత్రములలో కొరియా ప్రజ యెచట?

ఉత్తరకొరియా అణ్వస్త్రముల మాట, రాజధానియందు వృత్తులు సాగించుచున్న మన న్యాయవాదులకును వైద్యులకును ఇంజనీర్లకును దూరదేశపు వార్తగానే తోచుచుండవచ్చును. కాని దాని జాడ మనవారి కార్ఖానాలవరకు వచ్చియున్నది. కోయంబత్తూరులో మోటారుల, పంపుల పరిశ్రమకు పాదుకొల్పినవారిలో తరతరములుగా అచట స్థిరపడిన తెలుగు కుటుంబములవారు కలరు. జి. డి. నాయుడుగారి పేరు వినని తెలుగువాడుండడు. ఆహారౌషధములు తప్ప ఉత్తరకొరియాతో సమస్త వాణిజ్యమును భారతప్రభుత్వము 2017 ఏప్రిలులో నిషేధించినది. ఆ డిసెంబరులోనే ఐక్యరాజ్యసమితి భద్రతామండలి, తన 2397వ తీర్మానముచే, ఆ దేశమునకు పారిశ్రామిక యంత్రములను ఏ రాజ్యమును పంపరాదని శాసించినది. పంపు ఇరుసును వెంట్రుకవాసి తేడా లేకుండ చెక్కగల యంత్రము, యురేనియమును శుద్ధిచేయు పరికరముల భాగములను చెక్కుటకును పనికివచ్చును గదా! ఈ నిషేధమును మేము ఆక్షేపింపము.

కోయంబత్తూరునుండి మధురకు పోయినచో మఱియొక తలపు కలుగును. నాయకరాజుల నాటి రాణీ మంగమ్మ మహలు 1959 నుండి గాంధీ స్మారక ప్రదర్శనశాలయై యున్నది. మహాత్ముని నెత్తురు మరకలు గల వస్త్రఖండ మచట భద్రముగ నున్నది. ఆ గాజుపెట్టె యెదుట నిలిచినవానికి, ప్రపంచశాంతి యనగా ఆయుధముల లెక్క మాత్రమే యని తోచదు. ఒక్కొక్క మనుష్యుని ప్రాణమును ఆ లెక్కలోనిదే యని తోచును. కొరియా విషయమున ప్రపంచ దౌత్యము ఆయుధములను లెక్కించినది. మనుష్యులను లెక్కింప మఱచినది. ఇదియే మా ఫిర్యాదు.

జరిగినదానిని చూతము. 1994లో జెనీవాయందు అమెరికాతో కుదిరిన ఒడంబడికవలన, యోంగ్‌బ్యోన్‌లో ప్లుటోనియపు పని సుమారు ఎనిమిదేండ్లు నిలిచిపోయినది. అది స్వల్పమైన ఫలము కాదు. అటుపిమ్మట ఆ ఒడంబడిక చెడినది. అణ్వస్త్రవ్యాప్తి నిరోధ సంధినుండి వైదొలగుచున్నట్లు 2003లో ఉత్తరకొరియా ప్రకటించినది. 2006 అక్టోబరులో తొలి పరీక్ష జరిపినది. 2017 సెప్టెంబరునాటికి పరీక్షలు ఆరైనవి. 2018 జూన్ 12న సింగపూరులో ఇరుదేశాధిపతులు చేవ్రాలు చేసిన ప్రకటనలో నాలుగంశము లున్నవి. నాలుగవది యుద్ధమున గతించిన సైనికుల అస్థికల విషయము; తదనుసారముగ జూలైలో 55 పెట్టెల అస్థికలు అమెరికాకు అప్పగింపబడినవి. ఆ మృతుల కుటుంబములకు కలిగిన ఊరటను మేము తక్కువచేయము. కాని మృతులకు చోటు దొరకిన ఆ పత్రములో, ఆ దేశపు చెఱసాలలలో బ్రతికియున్నవారికి ఒక్క పంక్తియైనను దొరకలేదు.

వారిని గూర్చి ప్రపంచము ఎఱుగదా? 2014 ఫిబ్రవరిలో, ఆస్ట్రేలియా న్యాయమూర్తి మైకేల్ కర్బీగారి అధ్యక్షతను ఐక్యరాజ్యసమితి విచారణసంఘము తన నివేదికను వెలువరించినది. సంఘమును ఉత్తరకొరియా తన దేశమున అడుగిడనీయలేదు. అయినను తప్పించుకొని వచ్చిన ఎనుబదిమందికి పైగా సాక్షులు బహిరంగముగ వాఙ్మూలములిచ్చిరి. రాజకీయ శిబిరములలో 80,000 మొదలు 1,20,000 వఱకు బందీలున్నారని సంఘము అంచనా వేసినది. జరుగుచున్నవి మానవజాతిపై నేరములని తేల్చినది.

హక్కుల మాట యెత్తినచో సంప్రతింపులు చెడుననియు, ముందు ఆయుధము, పిమ్మట ప్రజయనియు పెద్దలు కొందఱు చెప్పుదురు. ఈ వాదము తేలికగ త్రోసివేయదగినది కాదు. అచట యుద్ధము వచ్చినచో ముందు చచ్చునది ఆ ప్రజయే. కాని ఒప్పందమున పేరులేని మూడవవాడు దానినిబట్టి దావా తేజాలడని న్యాయవాదులెఱుగుదురు. నేడు చేర్పని షరతును రేపు ఎవరు అడుగుదురు? ఆయుధముల మాటయైనను ముగియునట్లు లేదు. తన అణ్వస్త్రస్థితి మార్పులేనిదని 2022 సెప్టెంబరులో ఆ రాజ్యము చట్టము చేసికొన్నది. ఆంక్షల అమలును కనిపెట్టుచుండిన నిపుణుల సంఘము, రష్యా వీటోవలన, 2024 ఏప్రిలుతో అంతరించినది. ముందు ఆయుధమనుట, ప్రజ వంతు ఎన్నటికిని రాదనుటయే యగును.

మఱియొక సంగతి. 2010 నవంబరులో యురేనియము శుద్ధిచేయు శాలను ఒక అమెరికన్ శాస్త్రజ్ఞునికి వారు చూపిరి. వారు చూపదలచినపుడే అది బయటపడినది. పౌరుడు పరదేశీయునితో నోరువిప్ప వెఱచు దేశమున, తనిఖీదారునకు ప్రభుత్వమే ఏకైక సాక్షి. అట్టి సాక్ష్యమును ఏ న్యాయస్థానము నమ్మును? నిర్భయముగ మాటాడు పౌరుడు లేనిచోట నిరాయుధీకరణకు పూచీ లేదు.

ప్రజను సంధిలో చేర్చుట అసాధ్యమనువారు మన దేశచరిత్రనే చూడవలయును. కొరియా యుద్ధవిరామ చర్చలు ఏడాదికిపైగా ఆగినది యుద్ధఖైదీల విషయముననే: ఇష్టములేనివారిని బలవంతముగ స్వదేశమునకు పంపవచ్చునా యని. బలప్రయోగము కూడదను సూత్రముపై కృష్ణమీనన్‌గారు ప్రతిపాదించిన మార్గమును 1952 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించినది. మఱుసటి జూలైలో తుపాకులు ఆగినవి. జనరల్ తిమ్మయ్యగారి అధ్యక్షతను, ఇరువదిరెండువేలకు పైబడిన ఖైదీలను భారతసైనికులు కాచిరి. ఏ పక్షమునకును పోనొల్లని 88 మంది 1954 ఫిబ్రవరిలో చెన్నపట్టణపు రేవున దిగిరి. మనిషి ఇష్టమును లెక్కించుటవలన ఆనాడు శాంతి ఆలస్యమైనమాట నిజము. కాని అది చెడలేదు.

1973 నుండి ప్యాంగ్యాంగుతో దౌత్యసంబంధము గల భారతదేశము, 2020లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పర్యవేక్షణలో క్షయరోగపు మందులను ఆ దేశమునకు పంపినది. ఆ చనువును వాడుకొనవలదా? రాబోవు ఏ ఒడంబడికయందైనను చిన్న షరతులు మూడు ఉండవలెనని న్యూఢిల్లీ పట్టుపట్టవలయును: ఔషధములు శిబిరములకు సైతము చేరుట పరులు చూడవలెను, విడిపోయిన కుటుంబములకు ఉత్తరములు నడువవలెను, పారిపోయి వచ్చినవారిని ఏ దేశమును బలవంతముగ త్రిప్పిపంపరాదు. ఈ కడపటిది 1952లో మనము చెప్పినమాటయే. కోయంబత్తూరు వర్తకుడు లోకక్షేమము కొఱకు తన బేరమును వదలుకొనినాడు. అతని త్యాగము ఒక రాజ్యమును శిక్షించుటతో ఆగక, ఆ రాజ్యపు బందీకి మేలు చేయునట్లు చూచుట మన ప్రభుత్వము యొక్క విధి.