ఆఖరి పేజీ

కావలి నుంచి నాయుడుపేట దాకా హైవే మీద లారీలు ఆగే చోట్లన్నీ నాకు తెలుసు. ఎయిడ్స్ నియంత్రణ ప్రాజెక్టులో ఔట్‌రీచ్ వర్కర్‌గా ఆరేళ్లు తిరిగాను. సంచిలో కండోములు, ఒక నోటుబుక్కు. "నా పేరు రాయమాకక్కా" అని అక్కడి సెక్స్ వర్కర్లలో ప్రతి మనిషీ మొదటి రోజే చెప్పేది. అందుకని నంబర్లు రాసేదాన్ని. ఏ నంబరు ఎవరిదో మాత్రం ఆఖరి పేజీలో ఉండేది.

ఒక సాయంత్రం మఫ్టీలో ఉన్న కానిస్టేబుల్ టీ ఇప్పించి మర్యాదగానే అడిగాడు: "ఆ లిస్టు ఇస్తే జిరాక్సు తీసుకుని ఇచ్చేస్తా మేడం. వాళ్ల మంచికే."

ఆ 'మంచి' ఇవాళ్టిది కాదు. నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1868లో, తెల్లదొరలు అంటువ్యాధుల చట్టం తెచ్చారు. వేశ్యలు పేరు నమోదు చేయించుకోవాలి, పరీక్షకు రావాలి. రోగముంటే లాక్ హాస్పిటల్లో పెట్టేవాళ్లు. దొరల దిగులంతా సోల్జర్ల ఆరోగ్యం గురించే, రిజిస్టరు మాత్రం ఆడవాళ్లకు. 1888లో ఆ చట్టం పోయింది. తూర్పు జర్మనీలో రహస్య పోలీసు సంస్థ స్టాసీ ఇంకో అడుగు ముందుకేసి వేశ్యలనే వేగులుగా పెట్టుకుంది.

మనకిప్పుడున్నది 1956 నాటి చట్టం. దారిలో విటుణ్ని పిలిచిన ఆడదానికి మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, మగవాడు పిలిస్తే మూడు నెలలకు మించదు. (ఈ లెక్క ఎవరు వేశారో!) 20వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఆమెను ఆ చోటు వదిలి పొమ్మనొచ్చు కూడా. దానికి కావలసిందల్లా పేరు, ఉండే చోటు. నా ఆఖరి పేజీలో ఉన్నవి అవే.

2022 మే 19న సుప్రీంకోర్టులో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ధర్మాసనం, కండోములను నేరానికి సాక్ష్యంగా చూడొద్దంది. సెక్స్ వర్కర్లకిచ్చే ఆధార్‌లో వృత్తి బయటపడే కోడ్ ఏదీ ఉండకూడదంది. ఆరోగ్యం కోసం రాసుకున్న పేర్లు కోర్టు ఉత్తర్వు లేకుండా స్టేషన్ గడప తొక్కకూడదని ప్రభుత్వం కూడా కాగితం మీద పెట్టాలి. వర్కరు మొండితనం మీద ఎన్నాళ్లని ఆధారపడతారు?

నేను లిస్టు ఇవ్వలేదు. ఆ రాత్రే ఆఖరి పేజీ చించి పొయ్యిలో పెట్టాను. కానీ బంకు దగ్గర అతనితో టీ తాగుతుంటే ఎవరో చూశారు. మూడు నెలలు ఆ స్టాపు నుంచి ఒక్కరూ క్లినిక్కుకు రాలేదు.