కాల్బలానికి దివ్యదృష్టి

కురుక్షేత్ర సంగ్రామం ఆరంభం కానున్న వేళ వ్యాసమహర్షి ధృతరాష్ట్రుని కడకు వచ్చి, యుద్ధం చూడగోరితే కన్నులిస్తానన్నాడు. ఆ అంధనృపతి వలదన్నాడు. పుట్టినది మొదలు కోరదగిన వరం మరొకటి లేనివాడు, తీరా అది చేతికి అందినపుడు, జ్ఞాతుల చావు చూడలేనని వెనుకకు తగ్గినాడు. అప్పుడు ఆ దృష్టి సంజయునికి లభించినది. అర్జునునికి కూడా ఒకసారి దివ్యచక్షువు దొరికినది గాని, దానితో చూచినది భరించలేక, మునుపటి రూపమే చూపుమని కృష్ణుని వేడుకొన్నాడు. ఈ ఘట్టాలను తరగతిలో పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఒక విశేషం గమనించే వుంటారు. భారతకథలో రణరంగమంతటినీ చూడగల చూపు గెలవడానికి ఇవ్వబడలేదు. చూచి చెప్పడానికి ఇవ్వబడినది.

నేటి సైన్యాలు ఆ చూపును గెలవడానికే, అందులోనూ కాలినడకన పోయే సామాన్య భటునికే, ఇవ్వగోరుతున్నవి. ఇంగ్లీషు పత్రికలు ఈ విద్యకు ‘ఆగ్మెంటెడ్ రియాలిటీ’ అని పేరు పెట్టినవి. తెలుగులో దీనికి ఇంకా నిలకడైన మాట కుదరలేదు. ‘వర్ధిత వాస్తవం’ అని ఒకరూ, ‘అనుబద్ధ వాస్తవం’ అని ఒకరూ వ్రాస్తున్నారు. వాస్తవం అనేది పెంచితే పెరిగేదీ, అతికితే అతుక్కునేదీ అవునా అన్న శంక ఆ మాటలలోనే వున్నది. మాట సంగతి అట్లుండనిచ్చి వస్తువు సంగతి చూద్దాం.

శిరస్త్రాణం ముందు, కన్నులకు ఎదురుగా, పలుచని గాజుపలక వుంటుంది. దానిలో నుండి ఎదుటి చెట్టూ గుట్టా యథాతథంగా కనిపిస్తవి. ఆ పలక అంచున ఒక చిన్న దీపయంత్రం వున్నది. అది పంపిన వెలుగు గాజు లోపల సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ ప్రయాణించి, కంటికి సరిగా ఎదురైన చోట, సూక్ష్మమైన గీతల జాలకం తగిలి బయటికి వస్తుంది.  ఫలితంగా ఎదుటి దృశ్యంపైన బాణపు గుర్తులు, దూరాలు, దిక్కులు, తోటి భటులు ఎక్కడెక్కడ వున్నారో తెలిపే చుక్కలు తేలుతూ కనబడతవి. చీకటిలో మిణుకుమనే వెలుగును పెంచి చూపే కెమేరా ఒకటి, శరీరపు వేడిమిని పరారుణ కిరణాల ద్వారా పట్టే కెమేరా మరొకటి తోడుగా వుంటవి. తుపాకి మీది దూరదర్శిని చూచినది కూడా ఈ గాజుపలకకు చేరుతుంది గనుక, తల దాచుకొని తుపాకి ఒక్కటే గోడ మలుపున బయటికి చాచి ఆవలివానిని చూడవచ్చును.

ఊహకు ఇది క్రొత్తది కాదు. 1968లోనే అమెరికాలో ఐవన్ సదర్లాండ్ తలకు తగిలించుకొనే ఇట్టి యంత్రం చేసినాడు. అది ఎంత బరువంటే, తలపై నిలువక కప్పునుండి వ్రేలాడదీయవలసి వచ్చినది.

ఈ కథలో తెలుగువారికి ప్రత్యేకంగా పట్టవలసిన భాగం 2018లో మొదలవుతుంది. ఆ యేడు నవంబరులో అమెరికా సైన్యం ‘ఐవాస్’ అనే శిరోపకరణపు నమూనాల కోసం మైక్రోసాఫ్ట్ సంస్థతో సుమారు 48 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకొన్నది. ఆ సంస్థ అధిపతి సత్య నాదెళ్ల; 1967లో హైదరాబాదులో పుట్టి, బేగంపేట పబ్లిక్ స్కూలులో చదువుకొని, 2014 ఫిబ్రవరిలో ఆ పదవికి వచ్చినవాడు. 2019 ఫిబ్రవరిలో ఆయన సంస్థ ఉద్యోగులే కొందరు బహిరంగలేఖ వ్రాసినారు. తాము ఆయుధాలు చేయడానికి కొలువులో చేరలేదనీ, ఈ యంత్రం యుద్ధాన్ని బొమ్మలాటగా మార్చి, ఆ పని ఎంత ఘోరమైనదో భటునికి తెలియకుండా చేస్తుందనీ, ఒప్పందం రద్దు కావాలనీ వారి వాదం. నాదెళ్ల సమాధానం సూటిగానే వచ్చినది. ప్రజలు ఎన్నుకొన్న ప్రభుత్వాల సంస్థలు స్వేచ్ఛను కాపాడుతున్నప్పుడు, వారికి సాంకేతిక విద్యను నిరాకరించరాదన్నది సంస్థ ఆలోచించి చేసిన నిర్ణయమని ఆయన బార్సిలోనాలో చెప్పినాడు.

ఈ రెండు వాదాలలో ఏది సరియైనదని విద్యార్థులు అడుగక మానరు. నాదెళ్ల మాట త్రోసివేయదగినది కాదు. సైన్యం వుండవలెనని ఒప్పుకొన్న ప్రజలు, ఆ సైన్యంలోని బిడ్డలు గ్రుడ్డి చీకటిలో తడుముకోవాలని కోరడం న్యాయం కాదు. అయితే ఎన్నికైన ప్రభుత్వం కోరినదన్నంత మాత్రాన వస్తువు చేసినవాని బాధ్యత తీరిపోతుందా? ఉద్యోగులు లేవనెత్తిన ప్రశ్న అది. దానికి ఆ సమాధానంలో జవాబు లేదు. లేఖ వ్రాసినవారు మాత్రం ఒక విషయంలో పొరబడినారు. యుద్ధం ఆటలా తోస్తుందని వారు భయపడినారు, జరిగినది వేరు.

2021 మార్చిలో ఒప్పందం విస్తరించినది. పదేండ్లలో సుమారు 1,20,000 ఉపకరణాలు, 2,188 కోట్ల డాలర్ల వరకు వ్యయం. మరుసటి యేడు వాటిని భటుల తలలకు పెట్టి పరీక్షించగా, ఆటలోని హాయి ఎవరికీ కలుగలేదు. తలనొప్పి, కండ్లు లాగడం, వికారం, మెడనొప్పి, దిక్కు తోచకపోవడం—వీటిలో ఏదో ఒకటి ఎక్కువమందికి కలిగినది. అట్లు బాధపడినవారిలో నూటికి ఎనభైమందికి పైగా మూడు గంటలు నిండకముందే ఆ స్థితికి వచ్చినారని అమెరికా రక్షణశాఖ పరీక్షాధికారుల నివేదిక తెలిపినది. ప్రక్క చూపు తగ్గినదనీ, గాజునుండి వెలువడే కాంతి చీకటిలో దూరానికి కనబడి శత్రువుకు తమ జాడ తెలుపుతుందనీ భటులు ఫిర్యాదు చేసినారు. 2023 ఆర్థిక సంవత్సరానికి సైన్యం అడిగిన 40 కోట్ల డాలర్ల కొనుగోలును అమెరికా చట్టసభ నిరాకరించి, యంత్రాన్ని బాగు చేసుకొమ్మని 4 కోట్లు ఇచ్చినది. 2025 ఫిబ్రవరిలో ఆ పని మైక్రోసాఫ్ట్ చేతినుండి ఆండురిల్ అనే సంస్థకు మారినది.

ఇంత ధనం, ఇంత మేధ వుండి ఎందుకిట్లయినది? శ్రీశైలం కనుమదారిలో బస్సు మలుపులు తిరుగుతూ వుండగా పుస్తకం చదవబోయిన వారికి దీని రహస్యం అనుభవమే. కంటికి పుట కదలకుండా కనిపిస్తుంది. చెవి లోపలి ద్రవం మాత్రం దేహం తిరుగుతున్నదని చెబుతుంది. మెదడు ఎవరి సాక్ష్యం నమ్మాలో తెలియక కడుపు త్రిప్పుతుంది. శిరస్త్రాణంలో ఈ తగవు తలక్రిందుగా జరుగుతుంది. తల తిరిగినది, గాజులోని గుర్తులు రవ్వంత ఆలస్యంగా తిరిగినవి. ఆ కొద్దిపాటి ఎడమే చాలును. పైగా గాజులోని గుర్తులన్నీ ఒకే దూరంలో వున్నట్లు కంటి కటకం సర్దుకోవలసి వుంటుంది. ఎదుటి వస్తువులు మాత్రం దగ్గర కొన్ని, దూరం కొన్ని. గంటల తరబడి ఈ సర్దుబాటు చేయడానికి మానవనేత్రం పుట్టలేదు. మయసభలో నీరు నేలగా, నేల నీరుగా కనబడి దుర్యోధనుడు భంగపడినాడు. ఆయన ఒక్కసారి నవ్వులపాలై బయటపడినాడు. భటుని విషయంలో తప్పటడుగు నవ్వుతో పోదు.

శరీరబాధ ఎప్పటికైనా తగ్గవచ్చును. గాజు పలుచనవుతుంది, బరువు తగ్గుతుంది, యంత్రం వేగం పెరుగుతుంది. తగ్గనిది మరొకటి వున్నది. ఆ గాజుపై కనిపించే గుర్తు నిజమని భటుడు ఎందుకు నమ్మాలి? ఈ ప్రశ్నకు ఓరుగల్లు కోటగోడల క్రింద ఏడు వందల యేండ్ల క్రిందటనే ఒక పాఠం జరిగినది.

1321లో ఢిల్లీ సుల్తాను గియాసుద్దీన్ తుగ్లక్ కుమారుడు ఉలుగ్ ఖాన్ ప్రతాపరుద్రుని ఓరుగల్లును ముట్టడించినాడు. ఇతడే తరువాత మహమ్మద్ బిన్ తుగ్లక్ పేర సింహాసనమెక్కినాడు. బయట మట్టికోట, లోపల గణపతిదేవుడు ఆరంభించి రుద్రమదేవి ఎత్తు పెంచిన రాతికోట. ముట్టడి బిగిసినది. ఆ దశలో ఢిల్లీ నుండి రావలసిన టపా కొన్నాళ్లు రాలేదు. సుల్తాను మరణించినాడనీ, యువరాజు కొందరు సేనానుల ప్రాణాలు తీయ తలపెట్టినాడనీ శిబిరంలో పుకారు పుట్టినది. పుట్టించినవాడు ఉబైద్ అనే కవి అని చరిత్రకారుడు బరనీ వ్రాసినాడు. యువరాజే ఆ కవిచేత అట్లు చెప్పించినాడని ఇబన్ బతూతా మరొక కథనం విడిచిపోయినాడు. ఏది నిజమైనా, సేనానులు ఎవరి దారిన వారు చెదరిపోయినారు. కోటనుండి బాణమొక్కటి అదనంగా వేయకుండానే ముట్టడి విరిగినది. పటిష్ఠమైన సైన్యాన్ని ఒక అబద్ధపు వార్త, అది కూడా కవి నోటినుండి, దేవగిరి వరకు తరిమినది. (కవుల మాటకు బలం లేదనేవారు ఈ ఒక్క ఉదాహరణ చూడవచ్చును, గర్వించదగినది మాత్రం కాదు.)

కథ అక్కడ ఆగలేదు. ముప్పు తొలగినదన్న ధీమా ఓరుగల్లును ఆవరించినది. 1323లో ఉలుగ్ ఖాన్ తిరిగి వచ్చినప్పుడు కోట తగిన సన్నాహంతో లేదని చరిత్రకారులు చెబుతారు. కాకతీయ రాజ్యం ఆ యేడుతో ముగిసినది. తప్పుడు వార్త ముందు శత్రువును ఓడించినది. దానిమూలాన కలిగిన తప్పుడు ధైర్యం పిమ్మట గెలిచినవారినీ ఓడించినది.

టపా ఆగితే ఆనాటి సైన్యం విచ్ఛిన్నమైనది. ఈనాడు శిరస్త్రాణానికి వచ్చే వార్త ఉపగ్రహాల మీదుగా, రేడియో తరంగాల మీదుగా వస్తుంది. ఆ తరంగాలను అడ్డగించే విద్య, వాటిలో దొంగ సంకేతం చొప్పించే విద్య యుద్ధభూములలో ఇప్పటికే వాడుకలో వున్నవి. స్నేహితునిపై ఎర్రగుర్తు, శత్రువుపై పచ్చగుర్తు పడినచో నమ్మే కన్నును ఎవరు ఆపగలరు? ఉబైద్ పుకారును సేనానులు కనీసం ఒకరినొకరు అడిగి తెలుసుకోవడానికి వీలు వుండినది. కంటిలోనే పుట్టిన పుకారును అడిగి చూచేటంత వ్యవధి వుండదు.

మన దేశం ఈ దారికి దూరంగా లేదు. భారతసైన్యం ‘ఎఫ్-ఇన్సాస్’ పేర భావి పదాతికి ఒక రూపం తలపెట్టినది. 2022 ఆగస్టులో రక్షణమంత్రి రాజనాథ్ సింగ్ ఆ సామగ్రిని సైన్యానికి అందజేసినారు. తెలుగునాట దీనికి పునాది పాతదే. మచిలీపట్టణంలో 1926లో శాస్త్ర పరికరాలు చేయడానికి ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ వెలసినది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసి, రాత్రిచూపు సాధనాలు సైన్యానికి చేసి యిస్తూ వచ్చినది. ఆ పరంపరలోనే కృష్ణాజిల్లా నిమ్మలూరులో అట్టి సాధనాల క్రొత్త కర్మాగారం 2025 అక్టోబరులో జాతికి అంకితమైనది. 1973లో హైదరాబాదులో నెలకొన్న మిధాని తూటాలకు ఆగే ‘భాభా కవచాలు’ చేస్తున్నది. సైనిక శిక్షణకు కృత్రిమ రంగాలు కల్పించే జెన్ టెక్నాలజీస్ కూడా హైదరాబాదు సంస్థయే. ఓరుగల్లులో 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల ఇప్పుడు జాతీయ సాంకేతిక విద్యాసంస్థ. నేడు జిల్లాపరిషత్తు పాఠశాలల బల్లలపై కూర్చున్న పిల్లలలో కొందరు రేపు ఆ ప్రయోగశాలలలోనే ఇట్టి గాజుపలకలు గీయవచ్చును. మరికొందరు వాటిని ధరించి సరిహద్దున నిలువవచ్చును. ఇరువురూ ఒకే తరగతిలో కూర్చొని వున్నారు.

ధరించేవాని కష్టం ఎట్టిదో తెలుసుకోవడానికి గల్వాన్ లోయ చాలును. 2020 జూన్ 15 రాత్రి, సుమారు పదునాలుగు వేల అడుగుల ఎత్తున, సూర్యాపేట బిడ్డ కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు, మరి పందొమ్మిదిమంది భారతసైనికులు ప్రాణాలర్పించినారు. సంతోష్‌బాబు కోరుకొండ సైనిక పాఠశాల విద్యార్థి. ఆ రాత్రి తుపాకులు ప్రేలలేదు. రాళ్లు, ఇనుప కడ్డీలు, ముళ్లు దిగగొట్టిన కర్రలు, చలి, క్రింద మంచునీటి ఏరు. ఇరవైయొకటవ శతాబ్దపు పదాతి యుద్ధం ఒక్కొక్కప్పుడు ఇట్లు కూడా వుంటుంది. అక్కడ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది, గాజుపై ఆవిరి పడితే ఏమవుతుంది, ఒక్క దెబ్బకు పలక పగిలితే భటుడు ఏ చూపుతో పోరాడుతాడు అన్నవి పండితచర్చలు కావు.

సంతోష్‌బాబు పుట్టిన సీమకు దాపుననే, నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక రాయి వున్నది. 1289 నవంబరులో వేయించిన శాసనమది. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికీ పుణ్యలోకప్రాప్తి కోరి, పువ్వుల ముమ్మడి అనే ఆయన స్వామికి భూమి దానం చేసినట్లు అందులో వున్నది. ముమ్మడి ఆ నాయకుని బంటు. మహారాణి మరణకాలాన్ని చరిత్రకు తెలిపినది ఆస్థానకవి కాదు, ఈ బంటు వేయించిన రాయి. అతడు తనకు తెలిసినది తన పేర చెక్కించినాడు. రేపటి బంటు చూచినదంతా శిరస్త్రాణంలోని కెమేరాయే పట్టుకొంటుంది. శిక్షణలో దానిని మరల చూపి తప్పొప్పులు విమర్శించడం ఇప్పటికే వున్నది. యుద్ధంలో పట్టిన చిత్రం ఎవరి సొత్తు? భటుడు ‘నేను చూచినది అది కాదు’ అన్నప్పుడు, యంత్రం ‘ఇదే’ అన్నప్పుడు, విచారణలో ఎవరి మాట చెల్లుతుంది? ఇట్టి ఉపకరణాలను కొనకముందే సైన్యపు నిబంధనలలో దీనికి జవాబు వ్రాసిపెట్టవలసి వున్నది. పరీక్షించిన భటుల అభిప్రాయం అధికారుల నివేదికలో కరిగిపోకుండా, వారి మాటలలోనే నమోదు కావలసి వున్నది. అమెరికాలో చట్టసభ ధనం బిగించగలిగినదంటే, భటుల తలనొప్పి కాగితం మీదికి ఎక్కినందుననే.

ఆ కాగితం ఫలితంగా జరిగిన మార్పులలో ఒకటి చాలా చిన్నది. 2023లో వచ్చిన క్రొత్త నమూనాలో గాజుపలకకు మడతబందు అమర్చినారు. అక్కరలేనపుడు భటుడు దానిని చేతితో పైకెత్తి, తన సొంత కన్నులతో ఎదుటికి చూడవచ్చును.