లోనా? బయటా?

సంక్రాంతి దగ్గరపడిందంటే నెల్లూరు తీరంలో పేకాట శిబిరాల మీద పోలీసుల దాడులు జిల్లా పేజీలకెక్కుతాయి. ఆ వార్తల్లో తరచూ కనబడే పేరు లోనా బయటా. ఒక ముక్క తిప్పి పెడతారు. అదే అంకె ఉన్న మరో ముక్క ఏ పక్కన పడుతుందన్నదే పందెం. నిమిషంలో తేలిపోయే ఈ ఆట చుట్టూ ఎన్ని నమ్మకాలో! ఓడితే చోటు మార్చాలి, వరసగా నాలుగుసార్లు లోన పడితే ఈసారి బయట పడక తప్పదు. కోడిపందేలకైతే ఏకంగా కుక్కుట శాస్త్రమే ఉంది, ఏ రోజు ఏ రంగు పుంజు గెలుస్తుందో చెప్పడానికి. ఒకే పూట ఒకే రంగు పుంజు ఒక బరిలో గెలిచి పక్క బరిలో ఓడితే శాస్త్రాన్ని ఎవరూ నిలదీయరు. తప్పు పుంజుదో, వేళదో అవుతుంది. వరస తిరగబడక తప్పదన్న నమ్మకం మనకే పరిమితం కాదు. 1913 ఆగస్టు 18న మాంటెకార్లో రూలెట్ బల్ల మీద గోళీ వరసగా 26 సార్లు నల్లగడిలోనే పడింది. ఇక ఎరుపే అని పట్టుబట్టినవాళ్లు లక్షల్లో పోగొట్టుకున్నారు. చక్రానికి గుర్తుండదు, కలిపిన పేకకూ ఉండదు.

ఈ నమ్మకాలను చూసి నవ్వే చదువుకున్న జూదరి ఒకడున్నాడు. గోవా క్యాసినో ఓడ ఎక్కేముందే లెక్కలు చూసుకుంటాడు. 37 గడుల రూలెట్‌లో వందకు 2.7 రూపాయలు క్యాసినోకు పోతాయి, 38 గడులదైతే 5.26, బకరా అనే పేకాటలో బ్యాంకర్ మీద కాస్తే 1.06, అదే 'టై' మీద కాస్తే 14 దాటుతుంది. ఈ అంకెలు నిజమే, ముహూర్తం కన్నా వెయ్యి రెట్లు మేలు. పేచీ అంతా ఆయన వాటినుంచి లాగే ముగింపుతోనే. తక్కువ నష్టమున్న ఆటను ఎంచుకుని, అదే గెలిచే ఆట అనుకుంటాడు.

మన లోనా బయటానే లెక్కేద్దాం. తిప్పిన ముక్క పోను 51 మిగులుతాయి, వాటిలో గెలిపించేవి మూడు. మొదటి ముక్క లోన వేస్తే లోనకు గెలుపు అవకాశం 51.5 శాతం, బయటకు 48.5. చెరో వందా కాశారనుకోండి, గెలిచినవాడి లాభంలో నిర్వాహకుడు పదో వంతు తీసుకుంటాడనుకోండి. సగటున ఆటకు లోనవాడు 2.15 రూపాయలు పోగొట్టుకుంటాడు, బయటవాడు 7.85. రెండూ కలిపితే సరిగ్గా పది. అది నిర్వాహకుడి పది. తెలివైన పక్క ఎంచుకున్నవాడు చేసిందల్లా ఆ పదిలో తన వాటా తగ్గించుకుని ఎదుటివాడి నెత్తిన పెట్టడమే. అందరూ ఆ తెలివే నేర్చి లోనే కాస్తే ఎదురు కాసేవాడుండడు.

రమ్మీ మాటేమిటంటారా? అది ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని 1967లో ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పుకుందాం. కానీ నైపుణ్యం బల్ల మీదికి కొత్త రూపాయి తేదు. బలహీనుడి జేబులోది బలవంతుడికి చేరుస్తుంది, కమిషన్ పోగా. తన పక్కవాళ్లకన్నా తాను ఎంత మెరుగో బల్ల దగ్గర కూర్చున్న ప్రతివాడి అంచనా ఒక్కటే. ఇక, ఇది సరదాయే, సినిమాకు పెట్టమా అనేవారి వాదన వీటన్నిటికన్నా నిజాయితీ గలది. అయితే టికెట్టు ధర చూడాలి: వందేసి రూపాయలు లోన కాస్తూ గంటకు 60 ఆటలాడితే సగటున 129 రూపాయలు, తెల్లవార్లూ ఎనిమిది గంటలు కూర్చుంటే 1,032. సగటు కాబట్టి ఒకరోజు వేలల్లో వస్తుంది, మరోరోజు వేలల్లో పోతుంది. ఊళ్లో చెప్పుకునేది వచ్చిన రోజు గురించే.