ఒక గది కావలెను

కోవూరులో మద్యము దొరకు చోటెక్కడని అడిగితే చిన్నపిల్లవాడైనా చేయి చూపగలడు. మద్యము మానదలచినవాడు ఎక్కడికి పోవలెనని అడిగితే పెద్దలు సైతము తెల్లమొగము వేస్తారు. ఈ రెండు ప్రశ్నల నడుమనున్న అగాధమే ఈ వ్యాసమునకు కారణము.

కిందటి సంవత్సరము మా విద్యార్థి ఒకడు పాఠము ముగిసిన పిమ్మట వరండాలో నిలిచి, "సార్, మా నాయన మానేస్తానంటున్నాడు. యాడికి తీసుకుపోవాల?" అని అడిగినాడు. ప్రబంధనాయికల విరహమును గంటలకొలది వివరింపగల మాకు ఆ ప్రశ్నకు సమాధానము తెలియలేదు.

విచారింపగా మూడు వారములు పట్టినది. నెల్లూరులో ఒక మనోవైద్యుడు మొదట ఒక హెచ్చరిక చేసినాడు: ఏండ్ల తరబడి త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణుకు, మూర్ఛ, మతిభ్రమణము కలుగవచ్చును, ప్రాణమునకే అపాయము, కావున మానుట వైద్యుని పర్యవేక్షణలో మొదలుపెట్టవలెను. ఆ తరువాతనే ఆయన ఒక సమావేశము ఆచూకీ చెప్పినాడు. అది పెన్నకు ఆవలి ఒడ్డున. కూలి ముగించుకొని, బస్సు పట్టుకొని, రాత్రికి తిరిగి రావలెను. దారిలో ఎన్ని మద్యము దుకాణములో లెక్కపెట్టుట మేము మానుకొన్నాము.

ఇతరులను కూడ రానిచ్చు సమావేశము కావున మేమును వెళ్లి ఒక మూల కూర్చున్నాము. పదిమందికి మించరు. ఇంటిపేర్లు లేవు, రుసుము లేదు, ఉపన్యాసము లేదు. ఒక్కొక్కరు తన పేరు చెప్పి, తాను త్రాగుబోతునని ఒప్పుకొని, తన కథ చెప్పుకొన్నాడు. ఎవరును మధ్యలో అడ్డురాలేదు, ఎవరును నీతి బోధింపలేదు. ఇంటిలో ఏండ్లుగా నోరు మెదపని ఆ విద్యార్థి తండ్రి అచ్చట పావుగంట మాటలాడినాడు.

ఈ పద్ధతి పుట్టుక కూడ ఒక అన్వేషణయే. 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరమునకు వ్యాపారము పనిమీద వచ్చి విఫలుడైన బిల్ అను వ్యక్తి, హోటలులో మద్యశాల పిలుచుచుండగా అటు పోక టెలిఫోను దగ్గరకు పోయినాడు. తనవంటి మరొక త్రాగుబోతుతో మాటలాడవలెనని చర్చిలకు ఫోను చేసినాడు. అట్లు దొరికినవాడు డాక్టరు బాబ్. వారిరువురి సంభాషణనుండి ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినది. ఇది భావావేశము మాత్రమే కాదు. 2020లో కోక్రేన్ సంస్థ 27 అధ్యయనములను, 10,565 మంది అనుభవమును సమీక్షించి, పూర్తిగా మానివేసి నిలుచుటలో ఈ మార్గమునకు తోడ్పడు చికిత్స ఇతర చికిత్సలకన్న మిన్నగా పనిచేయుచున్నదని తేల్చినది.

మన జిల్లాకు ఈ విషయమున ఒక చరిత్ర కలదు. 1992లో కలిగిరి మండలము దూబగుంటలో అక్షరములు దిద్దుకొన్న స్త్రీలు సారా దుకాణమును మూయించినారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతట మారుమ్రోగినది. 1993 అక్టోబరు 1న సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి; 1997లో నిషేధము సడలినది. ఆ తల్లుల పోరాటమును తక్కువచేయుట మా ఉద్దేశము కాదు. అయితే దుకాణము మూయుట ఒక పని, దాహము మాన్పుట మరొక పని. ప్రభుత్వపు ఉత్తరువు దుకాణమునకు తాళము వేయగలదు. ఇరువది యేండ్లు త్రాగిన మనిషి మరునాటి సాయంకాలము ఎక్కడ కూర్చుండవలెనో చెప్పలేదు.

కావున కళాశాల కమిటీ వారికి మా విన్నపము ఒక్కటే. వారమునకు ఒక సాయంకాలము, తరగతులు ముగిసిన తరువాత, ఒక గది ఇప్పించండి. నెల్లూరు సభ్యులను ఆహ్వానించి ఇచ్చట ఒక శాఖను ఆరంభింపవచ్చును. ఖర్చు లేదు; తమ ఖర్చు తామే భరించుట వారి సంప్రదాయము కావున చిన్న అద్దె వారే చెల్లింపగోరుదురు.

ముస్లిముల కళాశాలలో త్రాగుబోతుల సమావేశమా అని కొందరు అడుగవచ్చును. మద్యము మనకు నిషిద్ధమని మేమెరుగుదుము. నిషిద్ధమైనంత మాత్రమున మన వీధులలో లేకుండ పోలేదని కూడ ఎరుగుదుము. సిగ్గుచేత మన ఇండ్లలో మరికొంత లోతుగా దాగినది, అంతే. ఖురానులో సైతము ఆ నిషేధము ఒక్క దినమున దిగలేదు, మెట్టుమెట్టుగా దిగినది. మానవుని బలహీనతనెరిగిన ఆ ఓర్పు మనకేల ఉండరాదు? వచ్చువాడు త్రాగుటకు రాడు, మానుటకు వచ్చును. వాని మతము అడుగు ఆచారము అచ్చట లేదు.

విద్యార్థులారా! మీలో ఎవరి ఇంటిలోనైనను ఈ బాధ ఉన్నచో అది మీ తప్పు కాదు. కేంద్ర ప్రభుత్వము వారి ఉచిత టెలిఫోను 14446 కలదు, వైద్యులు కలరు, మీ ఉపాధ్యాయులమైన మేము కలము. అడుగుటకు సిగ్గుపడవద్దు.

వరండాలో నిలిచి అడిగిన ఆ కుఱ్ఱవానికి మేము మూడు వారముల తరువాత సమాధానము చెప్పగలిగినాము. మరియొకడు అడిగిన దినమున, మెట్లెక్కగనే కుడివైపు గది అని చెప్పగలుగవలెనని మా కోరిక.