చనిపోయింది ముగ్గురు

హైదరాబాద్ ఎస్.ఆర్. నగర్‌లో ఐపీఎస్ అధికారి ఉమేశ్‌చంద్ర విగ్రహం ఉంది. ఒకప్పుడు మా పక్క కరీంనగర్‌కు ఎస్పీగా చేశారాయన. 1999 సెప్టెంబర్ 4న ఎస్.ఆర్. నగర్‌లోనే నక్సలైట్లు ఆయన్ని కాల్చి చంపారు. ఆయనతోపాటు గన్‌మన్, డ్రైవర్ కూడా చనిపోయారు. ఆ ఇద్దరి పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

విగ్రహం వద్దనడం లేదు మిత్రులారా. ఇక్కడ మంచిర్యాలలో నా దగ్గర చదివిన మాల, మాదిగ పిల్లలు పోలీసుశాఖలో చేరితే ఎక్కువగా కానిస్టేబుళ్లుగా, హోంగార్డులుగానే చేరుతున్నారు. తూటా హోదా చూడదు. విగ్రహం చూస్తుంది.

అక్టోబర్ 21న పోలీసు అమరవీరుల దినం జరుపుతున్నదే 1959లో లద్దాఖ్‌లో చైనా సైన్యం చేతిలో చనిపోయిన 10 మంది జవాన్ల కోసం. అందుకే అడుగుతున్నా: అధికారికి విగ్రహం పెట్టిన ప్రతిచోటా, ఆయనతో చనిపోయినవాళ్ల పేర్లూ అంతే పెద్ద అక్షరాల్లో చెక్కండి.

జై భీమ్.