కవరు మీద చెయ్యి ఎవరిది?
ఐపీవీ6 ప్యాకెట్ నెత్తిన ఉండే హెడర్ సరిగ్గా 40 బైట్లు. అదనంగా ఏమైనా చెప్పాలంటే దాని వెనక ఎక్స్‌టెన్షన్ హెడర్లు తగిలించుకోవచ్చు. తగిలించాల్సింది పంపినవాడా, దారిలోని రౌటరా? గమ్యం గడిలోని చిరునామాకు చేరేదాకా దారిలో ఎవరూ చేర్చకూడదు, తీసేయకూడదు అని 2017లో ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8200 తేల్చేసింది. ప్యాకెట్ ఆగాల్సిన మజిలీల జాబితాను హెడర్‌లో రాసి పంపే సెగ్మెంట్ రౌటింగ్ వాళ్లు ఊరుకుంటారా? 2021 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8986లో, చివరి మజిలీకి ఒక్క అడుగు ముందున్న రౌటరే తమ హెడర్‌ను ఊడబీకే వెసులుబాటు సంపాదించారు. ఆ క్షణాన గమ్యం గడిలో ఉన్నది ఆ రౌటర్ చిరునామాయే కదా అన్నది వాళ్ల లా పాయింటు. ప్లీడరు బుర్రే! నా ఓటు మాత్రం పాత రూలుకే. 1,500 బైట్లకు కొలిచి కట్టిన ప్యాకెట్‌కు మధ్యలో ఓ రౌటర్ 24 బైట్లు అంటించిందనుకోండి, ముందున్న లింకులో అది పట్టదు. ఐపీవీ6లో రౌటర్లు ముక్కలు చెయ్యవు. ‘సైజు ఎక్కువైంది’ అన్న ఫిర్యాదు నేరుగా పంపినవాడికి పోతుంది. దారిన పోయే దానయ్య చేసిన పనికి సంజాయిషీ అతనిదా? అంతగా కావాలంటే మొత్తం ప్యాకెట్‌ను ఇంకో కవర్లో పెట్టి, పైన సొంత చిరునామా రాసుకోమనండి. మరో 40 బైట్లు ఖర్చు, అవనివ్వండి. ఫిర్యాదు ఆ కవరు వేసినవాడి గుమ్మంలోకే వస్తుంది.