గాలపు వేట విహారానికి అనువైన కాలం సంక్రాంతి

మత్స్యకారుల మార్గదర్శకత్వంలో కుటుంబ సమేతంగా తీరం చేరువలో గాలంతో చేపలు పట్టే విహారం, కాకినాడ వంటి ప్రాంతాలలో వారికి అనుబంధ ఆదాయం కాగలదు. అయితే దానిని వేసవి సెలవులతో ముడిపెట్టరాదు. చేపల సంతానోత్పత్తి దృష్ట్యా తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక, మోటారు పడవలపై వేట నిషిద్ధం. తుఫానుల కాలం ముగిసిన సంక్రాంతి సెలవులే అనుకూలం.

పండుగప్ప తొలుత మగచేపగా ఎదిగి, పెద్దదైన పిదప ఆడచేపగా మారుతుంది. కావున చేపపిల్లలనే గాక, ఫోటోలకు ముచ్చటపడే భారీ చేపలను సైతం సజీవంగా నీటిలో విడవాలి. విత్తనపు గింజలను తినివేసే సేద్యం నిలవదు. అందరికీ లైఫ్ జాకెట్, మత్స్యకారునికి ఆదాయంలో ప్రధాన వాటా అనుమతికి షరతులు కావాలి.